ఒకే ఎత్తు పుస్తకాలు

అతను లైబ్రరీ తలుపు తోయగానే లోపల ఢామ్మని ఏదో పేలింది.

లాప్‌టాప్ బ్యాగుని గుండెలకు హత్తుకుని అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. అల్మారాల మధ్య, నేల మీద, ఒకమ్మాయి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేతిలో సైకిల్ పంపు, చుట్టూ రంగురంగుల బెలూన్లు, ఒళ్ళో చిరిగిపోయిన ఆకుపచ్చ రబ్బరు ముక్క.

"మీ వల్లే," అంది తల ఎత్తకుండా. "తలుపు అలా తోస్తారా ఎవరైనా? ఇది లైబ్రరీ."

"లైబ్రరీలో బెలూన్లు పేల్చొచ్చా?"

"నేను పేల్చలేదు, అదే పేలింది. ఎంత గాలి పడుతుందో చూస్తున్నా."

"ఇది జడ్జిల గది అని చెప్పారు నాకు."

"నేనిక్కడ లైబ్రేరియన్ని. నాకేమో రిటైరయ్యేదాకా ఇది నా గది అని చెప్పారు." ఆమె అప్పుడు తలెత్తి చూసింది. "ఓహో. ఆ సర్వజ్ఞుడు మీరేనా?"

అతని చెవులు వేడెక్కాయి. అది ఇంట్లో పేరు. అంటే అక్క అప్పుడే ఊరంతా చాటేసిందన్నమాట.

అక్క ఆ హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్. ఈ ఏడాది ప్రోగ్రామింగ్ పోటీ తన స్కూల్లో పెడుతున్నానని, ప్రశ్నలు తయారుచేసి జడ్జిగా ఉండమని తమ్ముణ్ణి పట్టుకుంది. కంపెనీలో ప్రోగ్రాములు రాసే తమ్ముడు శనివారాలు ఖాళీగానే ఉంటాడు. "పెళ్ళీ లేదు, పెటాకులూ లేవు, నీకేం పనిరా?" అంది.

పోటీ పద్ధతి తేలికే. ఇరవై నాలుగు స్కూళ్ళు. ఒక్కో జట్టులో ముగ్గురు పిల్లలు, ముగ్గురికీ కలిపి ఒకటే కంప్యూటరు. ఏడు ప్రశ్నలు, ఐదు గంటలు. రాసిన ప్రోగ్రాము పంపితే జడ్జి కంప్యూటరు దాన్ని రహస్య పరీక్షల మీద నడిపి, తన దగ్గరున్న జవాబులతో పోలుస్తుంది. సరిపోతే ఆ ప్రశ్న రంగు బెలూన్ తెచ్చి బల్లకి కడతారు. సరిపోకపోతే ఎర్ర అక్షరాల్లో 'తప్పు'. ఆ ప్రశ్నని తర్వాత ఛేదించినా, ఒక్కో తప్పుకి ఇరవై నిమిషాల పెనాల్టీ పడుతుంది. ఎక్కువ బెలూన్లున్న జట్టుదే గెలుపు, అవి సమానమైతే తక్కువ సమయం తీసుకున్న జట్టుది.

"బెలూన్లు అవసరమా?" అన్నాడతను. "స్క్రీన్ మీద కనిపిస్తుందిగా."

ఆమె లేచి నిలబడింది. అతను అప్రయత్నంగా వెన్ను నిటారు చేశాడు. ఎందుకంటే ఆమె కళ్ళు సరిగ్గా అతని కళ్ళకి ఎదురుగా ఉన్నాయి. పైకీ కాదు, కిందికీ కాదు. సంబంధాల మాట వస్తే వాళ్ళమ్మ మొదట అడిగేది ఎత్తు గురించే. పిల్ల తన కొడుకు కంటే నాలుగు వేళ్ళు తక్కువుండాలని ఆవిడ పట్టు.

"స్క్రీన్ చూసి పదిహేనేళ్ళ పిల్ల ఎగిరి గంతేస్తుందా సర్వజ్ఞగారూ?" అంటూ పసుపు బెలూన్ అతని చేతిలో పెట్టింది. "ముడి వెయ్యండి. అదైనా వచ్చా?"

ఆ ముడి అతనికి రాలేదు.

*

రెండో శనివారం వాన. కిటికీ అద్దాల మీద నీళ్ళు జారుతుంటే అతను బ్యాగులోంచి ఒక రబ్బరు స్టాంపు తీసి గొప్పగా టేబుల్ మీద పెట్టాడు.

"ఏంటది?"

"పోటీలో పిల్లలు జడ్జితో మాట్లాడకూడదు. సందేహం ఉంటే చీటీ రాయాలి. జడ్జి మూడే జవాబులు ఇవ్వాలి. అవును, కాదు, ప్రశ్న మళ్ళీ చదవండి. నూటికి తొంభైసార్లు మూడోదే. అందుకే చేయించా."

ఆమె స్టాంపుని ఇంకు ప్యాడ్ మీద అద్ది, తన అరచేతి మీద వేసుకుంది. 'ప్రశ్న మళ్ళీ చదవండి.' ఊదా రంగు అక్షరాలు. నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. "మీ ఇంట్లో కూడా ఇంతేనా? అన్నం పెట్టనా అంటే స్టాంపు కొడతారా?"

అతనూ నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. ఒంటరితనాన్ని అతను ఇన్నేళ్ళుగా గది సర్దుకున్నట్టు సర్దుకున్నాడు. ప్రోగ్రాము తప్పయితే స్క్రీన్ అతనొక్కడికే చెబుతుంది. ఎవరూ చూడకముందే దిద్దుకుంటాడు. మనుషుల ముందు తప్పు చేసే వీలే లేకుండా బతుకుని ఏర్పాటు చేసుకున్నాడు. ఆ ఏర్పాటులోకి ఈ అమ్మాయి సైకిల్ పంపుతో వచ్చి కూర్చుంది.

ప్రశ్నల కాగితాలు ప్రింటు తీసి తాళం వేసే పని కూడా ఆమెదే. ఒట్టు పెట్టించుకుని మరీ అప్పగించింది అక్క. "నాలుగో ప్రశ్న చదివాను," అందామె. "పుస్తకాలది."

"మీకు ప్రోగ్రామింగ్ వచ్చా?"

"రాదు. పుస్తకాలు సర్దడం వచ్చు."

ఆ ప్రశ్న ఇది. అరలో పుస్తకాలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. పొడవు పుస్తకం ఏదీ పొట్టి పుస్తకానికి ఎడమవైపు ఉండకూడదు. ఒక్కో పుస్తకాన్నీ తీసి నచ్చిన చోట పెట్టొచ్చు. కనీసం ఎన్నింటిని కదిపితే అర సర్దుకుంటుంది?

ఆమె ఒక చీటీ చింపి, పోటీలో పిల్లలు రాసినట్టే రాసి అతని ముందుకు తోసింది. 'ఒకే ఎత్తు పుస్తకాలు రెండుంటే? వాటినీ కదపాలా?'

అతను చూశాడు. చదివానని అనుకున్నాడు కానీ చూసింది ఆమె చేతిరాతని, గుండ్రటి అక్షరాలని, అరచేతి ఊదా రంగుని. స్టాంపు తీసి ఠప్పున కొట్టాడు. ప్రశ్న మళ్ళీ చదవండి.

తను చాలా చమత్కారంగా ప్రవర్తించానని అతని నమ్మకం. ఆమె మాత్రం నవ్వలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసింది.

సాయంత్రం ఒకే గొడుగు కింద బస్టాపు దాకా నడిచారు. గొడుగు ఎవరు పట్టుకోవాలన్న దాని మీద వాదన జరిగింది. ఎవరు పట్టుకున్నా ఇంకొకరు వంగాల్సిన పని లేదు కాబట్టి వాదన తెగలేదు. ఇంటికెళ్ళాక అతను ఆమె గురించి చాలాసార్లు అనుకున్నాడు. చీటీ గురించి ఒక్కసారి కూడా అనుకోలేదు.

మూడో శనివారం అక్క అడిగింది. "ప్రశ్నలన్నీ ఇంకో మనిషి కూడా చేసి చూడాలటగా? ఆ రెండో జడ్జి ఏడీ?"

"కాలు విరిగి మంచంలో ఉన్నాడు. అక్కర్లేదులే అక్కా. నేను చూశాగా."

"నువ్వు చూస్తే దేవుడు చూసినట్టే," అని అక్క దణ్ణం పెట్టింది. లైబ్రేరియన్ తన సొరుగు వంక చూసింది.

*

పోటీ రోజు పది గంటలకి బెల్లు మోగింది. డెబ్భై రెండు మంది పిల్లలు ఒక్కసారిగా కవర్లు చింపిన చప్పుడు, హాలంతా ఒకేసారి వాన మొదలైనట్టుంది.

పదకొండు నిమిషాలకి మొదటి బెలూన్. గులాబీ రంగు. లైబ్రేరియన్ చెప్పులు విప్పేసి పరిగెత్తింది, బల్లకి కట్టింది, ఆ బల్ల పిల్లలు కుర్చీలెక్కి అరిచారు. పక్క బల్లల వాళ్ళు తల పట్టుకున్నారు. హాలు గోడకి ఆనించి వేసిన జడ్జి టేబుల్ దగ్గర అతను కూర్చుని స్క్రీన్ వదిలేసి హాలునే చూస్తున్నాడు. బెలూన్లు ఎందుకో అతనికి అర్థమైంది. గెలుపుకి బరువుండదు, ఎవరైనా తెచ్చి కడితే గానీ అది నిలవదు.

"నోరు మూసుకోండి, ఈగలు పోతాయి," అని చెవి దగ్గర అనేసి ఆమె మళ్ళీ పరిగెత్తింది.

పదకొండున్నరకి ముందున్నది అక్క స్కూలే. మూడు బెలూన్లు. వాటిలో ఒకటి పసుపు, పుస్తకాల ప్రశ్నది. అక్క హాలు బయట కారిడార్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కప్పు పెట్టడానికి తన గదిలో అద్దాల బీరువా పై అర ముందే ఖాళీ చేసి పెట్టుకుంది.

ఏడో బల్ల దగ్గర మాత్రం వేరే గాలి వీస్తోంది. రెండు బస్సులు మారి వచ్చిన చిన్న స్కూలు వాళ్ళది. రెండు జడల పిల్ల, పెన్సిలు కొరికే కుర్రాడు, మాట్లాడని ఇంకో కుర్రాడు. యాభై రెండో నిమిషంలో పుస్తకాల జవాబు పంపారు. తప్పు. మళ్ళీ పంపారు. తప్పు. మళ్ళీ, తప్పు.

ఆమె వాళ్ళ చీటీ తెచ్చి అతని ముందు పెట్టింది. 'సార్, ఒకే ఎత్తున్న పుస్తకాలు పక్కపక్కన ఉండొచ్చా?'

ఈ వాక్యం ఎక్కడో చూశానని అతనికి అనిపించింది. ఎక్కడో గుర్తు తెచ్చుకోవడం ఇష్టం లేకపోయింది. స్టాంపు కొట్టాడు. ఆమె చీటీ తీసుకుని వెళ్ళింది, పరిగెత్తకుండా, నడిచి.

ఆ తర్వాత రెండు గంటలు అతను ఎంత పనిలో ఉన్నా, మనసులో ఒక మూల ఒకే పని నడుస్తూనే ఉంది. ఏడో బల్ల ఎందుకు తప్పయి ఉండాలి అనే కారణాల జాబితా. పిల్లలు తొందరపడి ఉంటారు. లెక్క మరిచి ఉంటారు. అక్షరం జారి ఉంటుంది. వాళ్ళ ప్రోగ్రాము తెరిచి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఆ ఒక్క నిమిషం తప్ప మిగతావన్నీ చేశాడు.

ఒకటీ నలభైకి రెండో చీటీ వచ్చింది.

'సార్, ప్రశ్న పదకొండుసార్లు చదివాం. ప్రశ్న బాగానే ఉంది.'

అతను స్టాంపు పట్టుకున్నాడు. చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"కొట్టండి," అందామె మెల్లగా. "నాకు కొట్టారుగా."

అతను స్టాంపు టేబుల్ మీద పెట్టేశాడు. "ఆ చీటీ... మీరు సరదాకి రాశారనుకున్నాను."

"రోజూ పుస్తకాలు సర్దేదాన్ని. పుస్తకాల గురించి సరదాకి అడుగుతానా?"

ఆమె చంకలోంచి నాలుగు పుస్తకాలు తీసి టేబుల్ మీద నిలబెట్టింది. ఒకటి జానెడు. తర్వాత రెండు పొడవాటివి, అచ్చంగా ఒకే ఎత్తు. చివర ఒక పొట్టిది. ఎప్పటినుంచి మోస్తోందో మరి.

"సర్దండి. ఎన్ని కదపాలి?"

అతను పొట్టి పుస్తకాన్ని తీసి ఎడమ చివర పెట్టాడు. అయిపోయింది. ఒక్కటే.

"మీ ప్రోగ్రాముని అడగండి."

నాలుగు ఎత్తులూ టైపు చేశాడు. స్క్రీన్ మీద జవాబు వచ్చింది. రెండు.

అతను రాసినదాంట్లో, పక్క పుస్తకం ఇంకా పొడవైతేనే ఇది ఉన్నచోట ఉండొచ్చని ఉంది. సమానమైనా ఉండొచ్చని రాయాలి. ఒక్క గుర్తు తేడా. అతని ప్రోగ్రాము ఒకే ఎత్తువాళ్ళని పక్కపక్కన నిలబడనివ్వడం లేదు. పసుపు బెలూన్ గెలిచిన రెండు జట్లూ సరిగ్గా అతని తప్పే చేశాయి, కాబట్టే గెలిచాయి. వాటిలో ఒకటి అక్క స్కూలు.

"ఇప్పుడు సరిదిద్దితే ఏడో బల్ల ముందుకొస్తుంది," అన్నాడు. "అక్క కప్పు పోతుంది."

"ఊఁ."

"అందరి ముందూ చెప్పాలి."

"ఊఁ."

"మీరేమైనా చెప్పండి!"

ఆమె స్టాంపు అతని ముందునుంచి తీసుకుంది. "ఇది నా దగ్గరుంటుంది. వెళ్ళండి."

కారిడార్లో అక్క ఎదురైంది. అతను రెండు వాక్యాల్లో సంగతి చెప్పాడు. అక్క ముఖం ఒక్క క్షణం వాడి, మళ్ళీ హెడ్మిస్ట్రెస్ ముఖమైంది. "తప్పని చెప్పడానికి నా పర్మిషన్ ఎందుకురా? మైకు అక్కడుంది."

అతను వెళ్ళి మైకు అందుకున్నాడు.

"అందరూ ఒక్క నిమిషం వినండి. నాలుగో ప్రశ్న. జవాబు తప్పు. మీ జవాబు కాదు, నాది. సరిచేసి అన్నీ మళ్ళీ చూస్తున్నాం. ఇప్పటికే పసుపు బెలూన్ వచ్చిన జట్లకి అది అలాగే ఉంటుంది, నా తప్పుకి మీకు శిక్ష లేదు. సరైన జవాబు పంపినా తప్పని వచ్చినవాళ్ళకి, వాళ్ళు మొదట పంపిన నిమిషమే లెక్క." ఆగాడు. ఆపెయ్యొచ్చు. ఇంతవరకూ చాలు. కానీ ఆమె చెప్పుల్లేకుండా బెలూన్ల బుట్ట పక్కన నిలబడి ఉంది. "ఈ తప్పుని రెండు వారాల కిందటే లైబ్రేరియన్ గారు నాకు చూపించారు. నేను వినిపించుకోలేదు. అది రెండో తప్పు."

ఎక్కడినుంచో ఒక గొంతు లేచింది. "సార్‌కి పెనాల్టీ ఎంత?"

"ఇరవై నిమిషాలు!" అని రెండు జడల పిల్ల అరిచింది. హాలంతా గొల్లుమంది.

అతను కూడా నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా దేనికి భయపడి ఇన్ని గోడలు కట్టుకున్నాడో, అది వచ్చి వెళ్ళిపోయింది. కాళ్ళు ఇంకా నేల మీదే ఉన్నాయి. అంతేనా ఇది, అనుకున్నాడు. ఇంతేనా!

ఏడో బల్లకి పసుపు బెలూన్ వచ్చింది. తెచ్చిన జడ్జిగారు ముడి రాక తడబడుతుంటే పెన్సిలు కుర్రాడు వేసిపెట్టాడు. తర్వాత ఇక గంట కాదు, తుఫాను. రెండూ నలభైకి అక్క స్కూలు ఆరో బెలూన్ కొట్టింది. రెండూ యాభై ఏడుకి ఏడో బల్ల నుంచి ఆఖరి జవాబు వచ్చింది. అతను స్క్రీన్‌కి ముక్కు ఆనించాడు, ఆమె అతని భుజం మీద నుంచి తొంగిచూస్తూ ఊపిరి బిగబట్టింది. పరీక్ష ఒకటి, రెండు, ఆరు, పందొమ్మిది, ఇరవై.

సరైనది.

"ఎరుపు!" అని అరిచాడు. ఆమె అప్పటికే సగం హాలు దాటేసింది.

రెండు జట్లకీ ఆరేసి. సమయం లెక్క కడితే ఏడో బల్లది తొమ్మిది నిమిషాలు తక్కువ. మాట్లాడని కుర్రాడు ఆరోజు మొదటిసారి నోరు తెరిచి, గుక్క తిప్పుకోకుండా పావుగంట మాట్లాడాడు. అక్క పెద్ద కప్పుని వాళ్ళ చేతుల్లో పెట్టి, రెండో బహుమతి చిన్నకప్పు చంకన పెట్టుకుని, "ఆ అరలో ఇదీ పడుతుంది లేరా," అంది. ఆవిడ కళ్ళు కొంచెం చెమ్మగానే ఉన్నాయి. అయినా రెండు జడల పిల్ల బుగ్గ గిల్లకుండా వదల్లేదు.

*

పిల్లలు బెలూన్లు పట్టుకుని వానలోనే బస్సులెక్కేశారు. లైబ్రరీలో ఆమె వాచీ విప్పి టేబుల్ మీద పెట్టింది.

"పెనాల్టీ. ఇరవై నిమిషాలు. ఆ కింది అర సర్దండి."

అతను మోకాళ్ళ మీద కూర్చుని సర్దాడు. ఒకే ఎత్తు పుస్తకాలు కనిపిస్తే వాటిని ముట్టుకోలేదు. ఆమె చూసి పెదవి కొరుక్కుంది. పది నిమిషాలయ్యాక అతను లేచి చీటీల పుస్తకం లాక్కుని ఏదో రాసి ముందుకు తోశాడు.

'మీకు అభ్యంతరం లేకపోతే, పోటీ అయిపోయినా, శనివారాలు నేను ఇక్కడికి రావచ్చా? పుస్తకాల కోసం.'

ఆమె చదివి, స్టాంపు తీసి, ఠప్పున కొట్టింది. ప్రశ్న మళ్ళీ చదవండి.

అతను మళ్ళీ చదివాడు. ఈసారి నిజంగానే చదివాడు. 'పుస్తకాల కోసం' అబద్ధం. కొట్టేశాడు. 'అభ్యంతరం లేకపోతే' భయం. అదీ కొట్టేశాడు. మిగిలిన దాంట్లో పెద్దగా ఏమీ కనబడలేదు. చీటీ చింపేసి కొత్తది రాశాడు.

'మీరంటే నాకు చాలా ఇష్టం. నేనంటే మీకు?'

ఆమె చదివింది. చెవి వెనక్కి జుట్టు తోసుకుంది. స్టాంపు ఎత్తింది.

"అయ్యో, ఇందులో తప్పేం లేదండీ!"

ఠప్.

"లేదు. అందుకే మళ్ళీ చదవమంటున్నా. ఈసారి పైకి."

అతను చదివాడు.

"ఇంకోసారి."

"ఎన్నిసార్లు?"

"ఏడో బల్ల పిల్లలు పదకొండుసార్లు చదివారు."

నాలుగోసారి చదువుతుండగా ఆమె సొరుగు తెరిచింది. నాలుగు మడతల చీటీ తీసి విప్పింది. ఒకవైపు ఆమె ప్రశ్న, దాని మీద అతని ఊదా రంగు స్టాంపు. వెనక్కి తిప్పి, గుండ్రటి అక్షరాలతో ఒకే మాట రాసి అతని చేతిలో పెట్టింది.

'అవును.'

"పెనాల్టీ అయిందా?" అంటూ అక్క తలుపు తోసుకుని వచ్చింది. ఎక్కడో మూల మిగిలిపోయిన పసుపు బెలూన్ ఢామ్మని పేలింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ఇద్దరు దొంగల్లా చేతులు వెనక్కి దాచుకున్నారు.

అక్క వాళ్ళనీ, చీటీనీ, స్టాంపునీ వరసగా చూసింది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"అక్కా, అమ్మ నాలుగు వేళ్ళు తక్కువుండాలంటుందే," అని అతను నీళ్ళు నమిలాడు.

"అమ్మకి నేను చెప్తాలే. ముందు ఇద్దరూ పక్కపక్కన నిలబడండి." అక్క ఒక కన్ను మూసి, అర సర్దినట్టు వాళ్ళని ఎడమ నుంచి కుడికి చూసింది. "ఊఁ. బాగానే ఉంది. ఎవర్నీ కదపక్కర్లేదు."